ఫుట్‌పాత్‌కు జవాబుదారీ ఎవరు? ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

పురపాలక శాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ లేఖ కమిషనర్‌కో, ట్రాఫిక్ పోలీసులకో కాకుండా నేరుగా మీకే రాస్తున్నాను. మీ ప్రభుత్వం ఏర్పడిన రెండు రోజులకే, 2023 డిసెంబరు 9న, మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, జీరో టికెట్ తీసుకున్న ప్రతి మహిళా ఆ ప్రయాణానికి ముందు కొంత, తర్వాత కొంత నడిచే ఉంటుంది. ఇంటి నుంచి స్టాపు దాకా, దిగిన చోటు నుంచి పనిచేసే చోటి దాకా. సాయంత్రం మళ్లీ అదే. టికెట్ డబ్బు ప్రభుత్వం కడుతోంది. దానికి ముందూ వెనకా ఉన్న నడకను మాత్రం ఆమె తిప్పలకే వదిలేసింది. షెల్టరే ఫుట్‌పాత్‌ను ఆక్రమించిన చోట, షెల్టరు ముందు ఆటోలు బారు తీరిన చోట ఆమె నడిరోడ్డు మీదికి వచ్చి బస్సుకు చెయ్యెత్తాలి. బస్సు ఆగేదీ అక్కడే. హైదరాబాద్‌లో కాలినడకకు, సైకిలుకు దారి ఎందుకు లేకుండా పోయిందో, మీరు తలచుకుంటే అది ఎలా వస్తుందో చెప్పడానికే ఈ లేఖ.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. రోజుకు 90 మంది అన్నమాట. సైకిల్ మీద వెళ్తూ పోయినవాళ్లు ఇంకో 4,800 పైచిలుకు. జిల్లా ఎడిషన్‌లో 'గుర్తు తెలియని వాహనం ఢీకొని' అనే మాటతో మొదలై రెండు వాక్యాల్లో ముగిసే వార్తలు వీళ్లవే. వీళ్ల వల్ల ఎదుటివాళ్లకు ప్రాణాపాయం ఉండదు, వీళ్ల చుట్టూ ఇనుప డొప్ప కూడా ఉండదు. జనం పనికి ఎలా వెళ్తున్నారని 2011 జనాభా లెక్కల్లో అడిగారు. నడిచి, సైకిల్ మీద వెళ్లేవాళ్లు కార్లలో వెళ్లేవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అయినా జనవరిలో రోడ్డు భద్రతా మాసం వచ్చిందంటే హెల్మెట్, సీటు బెల్టు గురించే ఊదరగొడతాం. అవి కావలసినవే. నడిచేవాళ్లకు మాత్రం 'అటూ ఇటూ చూసి దాటండి' అన్న సలహా తప్ప ఏమీ దక్కదు. ప్రమాదం వాళ్ల అజాగ్రత్తలోనే ఉందన్న తీర్పు ఆ సలహాలోనే ఉంది.

ఆ తీర్పు ఎంతవరకు నిజమో ఏ ప్రధాన రహదారి పక్కనైనా రెండు వందల మీటర్లు నడిస్తే తెలుస్తుంది. ఫుట్‌పాత్ అనేది చాలాచోట్ల వాననీటి కాల్వ మీద వేసిన మూతే. కాల్వ ఎత్తునుబట్టి దాని ఎత్తు. ఒకచోట మోకాలి దాకా ఉంటుంది, ఇంకోచోట రోడ్డుతో సమానంగా కలిసిపోతుంది. ఎక్కితే పది అడుగులకే షాపు ముందు కార్లు ఎక్కించుకోవడానికి పోసిన సిమెంటు ర్యాంపు. అది దాటాక కేబుల్ కోసం తవ్వి, మట్టి కప్పి, పేవర్ బ్లాకులను పైపైన పరిచి వెళ్లిపోయిన జాగా. వాన పడితే ఆ బ్లాకు మీద కాలు పెట్టగానే కిందున్న బురద నీళ్లు మోకాలి దాకా చిమ్ముతాయి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని చుట్టూ ఇనుప కంచె, పుర్రె బొమ్మ బోర్డు. ఫుట్‌పాత్ వెడల్పు మొత్తం దానికే సరి. అక్కడ రోడ్డు మీదికి దిగాలి, దాటాక మళ్లీ ఎక్కాలి. ఇలా నాలుగుసార్లు దిగి ఎక్కిన పెద్దమనిషి ఐదోసారి ఎక్కరు. రోడ్డంచునే నడుస్తారు. వెనకనుంచి హారన్ కొట్టేవాడు, ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద ఏం పని అంటాడు. అక్కడున్నది ఫుట్‌పాత్ ముక్కలే కదా! నాలుగు చోట్ల తెగిన చేంతాడు మొత్తం పొడవెంతో లెక్కగట్టి, బావిలోకి అందుతుందని చెబితే నీళ్లు రావు. మన పాలక సంస్థలు ఏటా ఇన్ని కిలోమీటర్ల ఫుట్‌పాత్ వేశామని చెప్పే లెక్క అలాంటిదే.

ఫుట్‌పాత్ ముక్కలు ఎందుకయిందన్నదే అసలు ప్రశ్న. పలకలు వేసేది నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగం. ఆక్రమణలు తీసేది టౌన్ ప్లానింగ్, కొన్నిచోట్ల ఇప్పుడు హైడ్రా. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది, మ్యాన్‌హోల్ జలమండలిది, కేబుల్ ఏదో టెలికాం కంపెనీది. బండ్లను తీయించాల్సింది ట్రాఫిక్ పోలీసులు. జాతీయ రహదారైతే ఇంకో శాఖ, మెట్రో స్తంభాల కిందైతే ఇంకో సంస్థ. అడ్డంగా ఉన్న ప్రతి వస్తువుకూ సొంతదారు ఉన్నారు, ఆ సొంతదారుకు ఆఫీసు, బడ్జెట్, ఫైలు ఉన్నాయి. వాటి మధ్య మిగిలిన నడిచే జాగాకు మాత్రం ఎవరూ లేరు. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఎవరిని అడగాలో మీకు తెలుసు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను తప్పించుకోబోయి రోడ్డు మీదికి దిగిన మనిషిని లారీ గుద్దితే ఏ అధికారిని పిలిచి సంజాయిషీ అడుగుతారు? డ్రైవరు మీద కేసు పెడతారు. పెట్టాల్సిందే. ఆ మనిషిని రోడ్డు మీదికి దింపినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. మిగతా ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క లోపం నుంచి పుట్టినవేనని నా వాదన.

నిబంధనల కొరత లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన పాదచారుల మార్గదర్శకాలు నివాస ప్రాంతాల్లో అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు నడిచే వెడల్పు ఉండాలన్నాయి. కర్బ్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదన్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్‌లోనో, నిర్మాణంలోనో, నిర్వహణలోనో నిర్దేశిత ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత అధికార సంస్థ మీద, కాంట్రాక్టరు మీద లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అదే సవరణతో వచ్చిన 138(1ఎ), పాదచారుల గురించి, మోటారు లేని బండ్ల గురించి నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని స్పష్టం చేసింది. ఇన్ని కాగితాలు ఉన్నా కాలు పెట్టే చోట తేడా కనిపించకపోవడానికి కారణం, వీటిలో ఏదీ కాంట్రాక్టరు బిల్లు పాసయ్యే బల్ల దాకా రాకపోవడమే.

నేను కోరేది ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది. 2019 చివర్లో జీహెచ్ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు ఏజెన్సీలకు ఇచ్చింది. దాని లోటుపాట్ల మీద చాలా వాదనలు జరిగాయి, ఇక్కడ వాటి జోలికి పోను. ఒక రోడ్డు బాగోగులు ఐదేళ్లపాటు ఒకరి నెత్తిన పెట్టొచ్చని, బాగా లేకపోతే డబ్బు ఆపొచ్చని ఆ ఒప్పందంతో తేలింది. ఇకపై అలాంటి ఒప్పందాలు రాసేటప్పుడు ఫుట్‌పాత్‌ను రోడ్డు పక్కన అదనపు పనిగా కాక రోడ్డులో భాగంగా రాయించండి. కొలత మార్చండి. మెజర్‌మెంట్ బుక్‌లో, ఇంజినీర్ల మాటలో చెప్పాలంటే ఎంబీలో, ఇన్ని చదరపు మీటర్ల పేవర్లు వేశారని కాకుండా, ఒక జంక్షన్ నుంచి ఇంకో జంక్షన్ దాకా చక్రాల కుర్చీ ఎక్కడా ఆగకుండా వెళ్లిందా లేదా అని రాయాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఆ ముక్క లెక్కలోకి రాదు, తారు వేసినా రోడ్డు బిల్లు పూర్తిగా రాదు. అప్పుడు విద్యుత్ సంస్థ చుట్టూ తిరిగే పని ఆ కాంట్రాక్టరు, ఆ ఇంజినీరు తమంతట తామే చేస్తారు. ఇప్పుడు ఆ తిరుగుడు తిరగాల్సినవాళ్లే లేరు. ప్రతి జోన్‌లో నడకదారికి ఒక అధికారి పేరు ప్రకటించండి. ఏ శాఖ వస్తువు అడ్డం వచ్చినా గడువు పెట్టి తీయించే అధికారం ఆయనకు ఇవ్వండి. గడువు దాటితే ఆయన్నే అడగండి.

డబ్బు లేదనే మాటకు నార్సింగి వైపు ఒకసారి చూస్తే చాలు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. దాని మీద సోలార్ పలకల కప్పు, కింద లైట్లు. మీ ముందున్న ప్రభుత్వం చేసిన పని అది, చక్కటి పని, దాన్ని తక్కువ చేయను. అక్కడికి సైకిలును కారు వెనక కట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. వ్యాయామం కోసం తొక్కేవాళ్లకు నీడ కూడా దొరికింది. అదే నగరంలో రాత్రి డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్, సైటు దగ్గరికి వెళ్లే తాపీ మేస్త్రి, పాత ఇనుము కొనే మనిషి ఇప్పటికీ సైకిల్ మీదే వెళ్తున్నారు. వాళ్లు తొక్కేది కూకట్‌పల్లిలో, ఎల్బీనగర్‌లో, బస్సుకూ డివైడర్‌కూ మధ్య మిగిలిన సందులో. సైకిలు ఎక్కడ ఆటవస్తువో అక్కడ ట్రాక్ వేశాం, ఎక్కడ బతుకుదెరువో అక్కడ వదిలేశాం. నగరం లోపల ప్రతి రోడ్డుకూ కప్పున్న ట్రాక్ అడగడం లేదు. పెద్ద రోడ్ల మీద రాళ్లతోనో దిమ్మెలతోనో వేరుచేసిన మీటరున్నర పట్టీ, చిన్న రోడ్ల మీద బండ్ల వేగం తగ్గించడం, ఈ రెండూ చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, రోడ్లే ఇరుకు, ఫుట్‌పాత్‌కు జాగా ఎక్కడిది అని. ఇది సగం నిజం. పాతబస్తీ గల్లీల్లో, బస్తీల్లో విడిగా ఫుట్‌పాత్ పట్టదు, వేయనక్కర్లేదు కూడా. అక్కడ రోడ్డంతా నడిచేవాళ్లదే అనుకుని బండి వేగం తగ్గించాలి. ప్రధాన రోడ్ల మీద మాత్రం జాగా కళ్ల ముందే ఉంది, దాని మీద కార్లు ఆగి ఉన్నాయి. ఆగి ఉన్న కారు రెండు మీటర్ల వెడల్పు తింటుంది. నివాస ప్రాంతంలో అడుగుతున్న ఫుట్‌పాత్ 1.8 మీటర్లు. అంటే ఒక వరస ఉచిత పార్కింగ్‌కు ఇచ్చిన జాగా నడకకు ఇస్తే సరిపోతుంది. కారున్నవాళ్లు దీన్ని అన్యాయమంటారు. నగరంలో సెంటు భూమి ధర ఎంతో తెలిసిన మీకు, ఒకరి సొంత వస్తువును రోజంతా ప్రజల భూమి మీద ఉచితంగా పెట్టుకోనివ్వడం ఎంత ఖరీదైన రాయితీయో నేను చెప్పనక్కర్లేదు.

రెండోది చిరువ్యాపారుల మాట. ఫుట్‌పాత్ బాగుచేయడం అనగానే అధికారులకు మొదట గుర్తొచ్చేది తోపుడు బండ్లు ఎత్తేయడం. అడ్డంకులు తీయడానికి 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు మొదలుపెట్టిన 'ఆపరేషన్ రోప్' అయినా, తర్వాతి డ్రైవ్‌లయినా ఎక్కువ కనిపించింది అక్కడే. మిర్చి బండి మీద లాఠీ పడ్డంత తేలిగ్గా షోరూం ర్యాంపు మీద గునపం పడదు. నడిచేవాళ్ల పేరు చెప్పి పొట్టకూటి వ్యాపారం మీద పడితే ఈ లేఖ ఉద్దేశం తలకిందులైనట్టే. 2014 వీధి వ్యాపారుల చట్టం, వార్డు జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాలంటుంది. నిర్ణయించే కమిటీలో నలభై శాతం మంది వ్యాపారులే ఉండాలంటుంది. ఎక్కడ నడక, ఎక్కడ బండి అని గీత గీస్తే రెండూ పడతాయి. పైగా రాత్రి తొమ్మిదికి బస్సు దిగిన అమ్మాయికి మూసిన షట్టర్ల వరసకంటే దీపం వెలిగించుకున్న పండ్ల బండి ఎంతో ధైర్యం. గీత దాటిన బండిని వెనక్కి జరపండి. గీతే గీయకుండా బండిని విరగ్గొట్టకండి.

ఇక జనానికి క్రమశిక్షణ లేదనే మాట. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే ఎక్కరు, డివైడర్ గ్రిల్ దూకుతారు అంటారు. కింద ఐదున్నర మీటర్ల ఎత్తు వదిలి కట్టిన వంతెన ఎక్కాలంటే నలభై మెట్లు, దిగాలంటే నలభై. చేతిలో పిల్ల, భుజాన సంచీ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అది చూసి ఆగిపోతారు. లిఫ్టు ఉంటే అది నడుస్తుందన్న నమ్మకం లేదు. 2023లో ప్రారంభమైన ఉప్పల్ స్కైవాక్ లాంటివి, అన్ని వైపులా మెట్రోతో కలిపి కట్టినప్పుడు, పనికొస్తాయి. కానీ అది పెద్ద కూడలికి చేసే వైద్యం, ప్రతి స్టాపు దగ్గరా చేసేది కాదు. ప్రతి స్టాపు దగ్గరా కావలసింది సిగ్నల్. మనం చేసింది దానికి ఎదురు. బండ్లు ఆగకుండా సాగాలని ఈ మధ్య ఎన్నో జంక్షన్లు మూసి యూ-టర్న్‌లు పెట్టారు. ఎర్రలైటు పోయింది, దానితో పాటు నడిచేవాళ్లకు దొరికే ఆ ముప్ఫై సెకన్లూ పోయాయి. ఫ్రీ లెఫ్ట్ దగ్గర సరేసరి. జీబ్రా గీతలు ఉంటాయి, అవి వెళ్లి ఆగేది డివైడర్ గ్రిల్ దగ్గర. దాటడానికి చోటు లేకుండా చేసి, దూకారని తిట్టడం న్యాయమేనా? యూ-టర్న్ వల్ల కార్లకు ఎన్ని నిమిషాలు కలిసొచ్చాయో పోలీసుల దగ్గర లెక్క ఉంటే, రోడ్డు దాటడానికి జనం ఎన్ని నిమిషాలు నిలబడుతున్నారో కూడా తీయించండి.

ఒక ఇబ్బందిని మాత్రం ఒప్పుకోవాలి. ఫుట్‌పాత్ వెడల్పు చేసి సాఫీగా వేస్తే టూవీలర్లు ఎక్కుతాయి. ట్రాఫిక్ ఆగిందంటే చాలు, వరసగా ఎక్కేస్తారు. ఇనుప దిమ్మెలు దగ్గర దగ్గరగా పాతితే బైకు ఆగుతుంది, చక్రాల కుర్చీ కూడా ఆగిపోతుంది. దీనికి సివిల్ ఇంజినీరింగ్‌లో పూర్తి పరిష్కారం లేదు. కెమెరా, చలానా, నిలబడి ఆపే కానిస్టేబుల్ కావాలి. హెల్మెట్ లేనివాళ్లను ఫొటో తీసే శ్రద్ధలో సగం దీనిమీద పెట్టినా తేడా వస్తుంది.

వేగం సంగతి చిన్నది కాదు. 2019 నవంబరులో ప్రారంభమైన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీది నుంచి మూడు వారాలు తిరగకముందే ఒక కారు అతివేగంగా వచ్చి కిందపడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ తర్వాత దాన్ని మూసి, మార్పులు చేసి తెరిచారు. అతివేగం బండి నడిపేవాడికే కాదు, ఆ దారితో సంబంధమే లేకుండా కింద నిలబడ్డవాళ్లకూ ప్రమాదమే. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 65కు పెరిగితే, కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సు, జనం, బండ్లు కలిసి తిరిగేచోట 30 దాటనివ్వొద్దంది. బోర్డు పెడితే తగ్గరు. వేగం తగ్గేలా రోడ్డును గీయాలి: లేన్లు సన్నం చేయడం, మలుపుల దగ్గర కర్బ్ ముందుకు తేవడం, దాటేచోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం. రాత్రికి రాత్రి మొలిచి వెన్నుపూస విరిచే స్పీడ్ బ్రేకర్ల గురించి మాత్రం కాదు నేను అంటున్నది.

ఫుట్‌పాత్ పనులు వేరే రాష్ట్రాలు చేసి చూపించాయి. చెన్నై కార్పొరేషన్ 2014లోనే మోటారు లేని రవాణాకు విధానం ప్రకటించి, రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడకకు, సైకిలుకు పెట్టాలని లక్ష్యం రాసుకుంది. 2019లో పాండీ బజార్‌ను వెడల్పాటి నడకదారిగా మార్చింది. బెంగళూరు టెండర్‌ష్యూర్ రోడ్లలో తీగలు, పైపులు ఫుట్‌పాత్ కింద గొట్టాల్లోకి చేర్చారు, కాబట్టి ప్రతి కనెక్షన్‌కూ తవ్వనక్కర్లేదు. రెండు నగరాలూ స్వర్గాలు కాలేదు. బెంగళూరు పద్ధతికి కిలోమీటరుకు ఖర్చు ఎక్కువైందన్న విమర్శ ఉంది, అందులో నిజం ఉంది. కాకపోతే ఏటా తవ్వి ఏటా పూడ్చే ఖర్చును ఐదేళ్లకు కూడి పక్కన పెట్టి చూడాలి, అలా చూసిన ఫైలు ఏదైనా మీ దగ్గరుంటే బయటపెట్టండి.

ఈ పని మొదట ఎక్కడ అంటే ఆస్పత్రుల దగ్గర. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, నిలోఫర్. వీటికి వచ్చేవాళ్లలో ఎంతోమందికి నడక అసలే కష్టం, చాలామంది బస్సు దిగి వచ్చేవాళ్లు. ఈ నాలుగింటికీ దగ్గరి బస్ స్టాపుల నుంచి, మెట్రో స్టేషన్ల నుంచి గేటు దాకా ఎక్కడా దిగి ఎక్కనవసరం లేని దారి వేయించండి, దాటేచోట సిగ్నల్ పెట్టించండి. దూరాలు తక్కువ, కోట్లు కూడా పెద్దగా కావు, అడ్డొచ్చే శాఖలన్నీ మీ కిందివే. రెండోది, 138(1ఎ) కింద నియమాలు ఆరు నెలల్లో చేయాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తెలంగాణ నియమాల ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసుల్లో, బస్టాండ్లలో పెట్టి అభ్యంతరాలు తీసుకోండి. ఫుట్‌పాత్‌కు జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరన్నది ఆ నియమాల్లోనే హోదాతో సహా రాయించండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు